పాఠశాల మూత

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా కొత్తగెడ్డ పురపాలక సంఘం అమ్మ కాదు గనక అడిగినా పెట్టేది కాదు. ఈ సంగతి ఊరివాళ్లకు ఎప్పుడో తెలిసిపోయింది. ఎండకీ వానకీ అలవాటు పడ్డట్టే దానికీ అలవాటు పడిపోయారు. అటువంటి ఊళ్లో ఒక జనవరి నెలలో పురపాలక సంఘమే ఆటోకి మైకు కట్టించి, "మీకేం కావాలో దయచేసి అడగండి" అని వీధి వీధినా బతిమాలింది. జనం హడలిపోయారు. ఇంటిపన్ను పెంచబోతున్నారని కొందరు, ఇళ్లే కూల్చబోతున్నారని కొందరు అనుకున్నారు.

అసలు సంగతి వేరు. ఏటా వేసే బడ్జెట్‌ను ఇకనుంచి ప్రజల అభిప్రాయాలు తీసుకునే వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ ఊళ్లో ఎక్కువ అభిప్రాయాలు పోగుపడితే ఆ ఊరికి 'ప్రజా బడ్జెట్ పురస్కారం' ఇస్తారట. పోగు చేసినవాటిని ఏం చేయాలో మాత్రం ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఆ ఉత్తర్వును నేను మూడుసార్లు చదివాను. పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటుగా అప్పటికి ఇరవై రెండేళ్లు పనిచేసినవాణ్ని, పేరు శ్రీరాములు. ఉత్తర్వులు చదవడమే నా వృత్తి.

మా కమిషనర్ దివాకర్ గారు ఆ కాగితం అందుకున్న రోజే అందర్నీ సమావేశపరిచారు. "ఇది కేవలం బడ్జెట్ కాదు. భాగస్వామ్య పాలనకు ఇది శ్రీకారం. పౌరుడు ఇకమీదట లబ్ధిదారుడు కాదు, నిర్ణేత. కాబట్టి అభిప్రాయం చెప్పని పౌరుడికి ఈ కార్యాలయంలో ఏ పనీ చేయరాదు" అన్నారు.

మేము అక్షరాలా పాటించాం. పుట్టిన సర్టిఫికెట్ కావాలంటే అభిప్రాయం చెప్పాలి. బిడ్డకి అభిప్రాయం ఉండదు గనక తండ్రి రెండు చెప్పాలి. చావు సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు పోయినవాళ్ల తరఫున కూడా ఒకటి చెప్పేవారు. ఆ విధంగా మా ఊళ్లో బతికుండగా ఎవరూ పట్టించుకోని రెండొందల పైచిలుకు మనుషులు పోయాక బడ్జెట్‌లో భాగస్వాములయ్యారు.

అభిప్రాయాలు నమోదు చేయడానికి కమిషనర్ గారు పట్నం నుంచి ఒక యంత్రం తెప్పించారు. దాని పేరు 'పౌర పలుకు'. చూడ్డానికి మామూలు కంప్యూటరే గాని, ప్రతి మనిషి అభిప్రాయంలోనూ మొదటి రెండు మాటలు మాత్రమే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ఇదేం యంత్రమని అడిగితే, "క్లుప్తత ప్రజాస్వామ్యానికి ప్రాణం. రెండు మాటల్లో చెప్పలేనివాడికి తనకేం కావాలో తెలియదన్నమాట" అన్నారు కమిషనర్ గారు.

అది చేసినవాళ్లది ఏ భాషో నాకు తెలియదు. మన భాషలో అసలు మాట చివర వస్తుంది. ఇస్తామో ఇవ్వమో, ఉందో లేదో అంతా అయ్యాక గాని చెప్పం. పదకొండో వార్డు ముసలాయన ఒకడొచ్చి, "నీళ్లు రావడం లేదు" అన్నాడు. యంత్రం "నీళ్లు రావడం" అని రాసుకుని, సంతృప్తి అనే పద్దులో వేసుకుంది. "చెత్త తీయడం మానేశారు" అన్నవాళ్లంతా "చెత్త తీయడం" గురించి హర్షం వెలిబుచ్చినవాళ్లయ్యారు. "దోమలు ఎక్కువై జ్వరాలొస్తున్నాయి" అని నాలుగు వందల పదకొండు మంది మొర పెట్టుకున్నారు. యంత్రం లెక్కలో వాళ్లు కోరినది "దోమలు ఎక్కువై".

ఇది నేను నవ్వుకుంటూ చూశాను. ఆ మాట దాచను. అసిరమ్మ వచ్చేదాకా నాకు ఇదంతా నవ్వులాటే.

అసిరమ్మ కుమ్మరి వీధి పురపాలక పాఠశాల గేటు పక్కన బుట్ట పెట్టుకుని కాలాన్నిబట్టి తేగలు, జామకాయలు, ముంజెలు అమ్ముతుంది. కొడుకూ కోడలూ ఇటికల బట్టీలకి వలస పోతే మనవరాలు హైమను తన దగ్గర పెట్టుకుని ఆ బళ్లోనే మూడో తరగతి చదివిస్తోంది. ఆమె నా బల్ల ముందు కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది.

"బాబూ, బడి గుమ్మంకాడ మురుగుకాలవ గుంతకి మూత నేదు. ఆర్నెల్లయ్యింది. మొన్న వానకి మా గుంట హైమ ఒక కాలు అందులో ఎట్టీసింది. జడట్టుకుని లాగాను కాబట్టి ఉంది. మేమే సెక్క ఏత్తే లారీ ఎక్కి ఇరిగిపోనాది. రాయి ఎడితే మీవోళ్లే వొచ్చి, రోడ్డు ఆక్రమించీసినారని తీసుకుపోనారు. ఓ మూత ఎయ్యించండి, సాలు."

"రెండు మాటల్లో చెప్పాలమ్మా" అన్నాను.

"మూత ఎయ్యండి. రెండే కదా."

"ఎక్కడి మూతో చెప్పకపోతే యంత్రం తీసుకోదు."

"అయితే బడికాడ మూత అని రాయి."

'బడికాడ' అని కొడితే యంత్రం ఎర్రగా మెరిసింది. దానికి 'కాడ' తెలియదు, 'బడి' కూడా తెలియదు. 'పాఠశాల ముందు మూత లేదు' అని కొడదామంటే 'పాఠశాల ముందు' దగ్గరే ఆగిపోతుంది. మూత అన్న మాట ఎలాగైనా అందులో పడాలి. ఆలోచించి ఆలోచించి, నా తెలివికి నేనే మురిసిపోతూ, "పాఠశాల మూత" అని కొట్టాను. యంత్రం పచ్చగా వెలిగింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఒక్కరు చెబితే లాభం లేదమ్మా, ఎక్కువమంది చెబితేనే పై వరసలోకి వస్తుంది" అని సలహా కూడా ఇచ్చాను. ఆ మహాతల్లి మూడు రోజులు బుట్ట నెత్తిన పెట్టుకుని గడప గడపకీ తిరిగింది. కుమ్మరి వీధి, దాని వెనక జాలరిపేట, ఆటోస్టాండు, అంతా కదిలింది. ఆ బడి హెడ్మిస్ట్రెస్ సుభాషిణి గారు పిల్లల తల్లులందర్నీ వెంటబెట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరూ నా ముందు కూర్చుని, అసిరమ్మ నేర్పినట్టే "పాఠశాల మూత" అని పలికి పోయారు. మొత్తం ఆరు వందల పన్నెండు మంది. ఇరవై రెండేళ్లలో ఒక మంచిపనికి చెయ్యి వేశానని ఆ రాత్రి మా ఆవిడతో చెప్పుకున్నాను.

ఫలితాలు చూసిన రోజు కమిషనర్ గారి గదిలో తెర మీద పెద్ద అక్షరాలతో జాబితా వేశారు. మొదటిది, పాఠశాల మూత. రెండోది, దోమలు ఎక్కువై. మూడోది, నీళ్లు రావడం.

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్లు చెమర్చాయని పక్కన ఉన్న అకౌంట్స్ ఆఫీసర్ తరవాత అందరికీ చెప్పాడు.

"దేశంలో ఏ ఊరి ప్రజలైనా కావాలి, కావాలి అంటారు. ఇది కట్టండి, అది వేయండి అంటారు. మన ప్రజలు చూడండి. ఉన్న పాఠశాలను మూసి ఖర్చు తగ్గించమంటున్నారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు గాని, ఇక్కడ ఊరే త్యాగం దారిలో ఉంది. దీన్ని ఆర్థిక పరిణతి అంటారు" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, అది మేన్‌హోలు మూత. స్కూలు గేటు ముందు గుంత ఉంది. దానికి మూత వేయమని అడిగారు. నేనే కొట్టాను."

ఆయన జాబితా వైపు చూపించారు. "ఇందులో మేన్‌హోలు అనే మాట ఉందా?"

"లేదు సార్. రెండు మాటలే పడతాయి గనక..."

"లేని మాటను ప్రజల నోట్లో పెట్టడానికి మీరెవరు శ్రీరాములు గారూ? ప్రజలు చెప్పినదానికి అధికారులు అర్థాలు వెతకడం మొదలుపెడితే అది ప్రజాభిప్రాయం అనిపించుకోదు, మన అభిప్రాయం అవుతుంది. మీరు ఆరు వందల పన్నెండు మందిని అవమానిస్తున్నారు."

నేను కూర్చున్నాను. సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. అయినా కూర్చున్నాను. ఆ పూటే దోమల మందు పద్దు తీసేశారు, ప్రజలు దోమలు ఎక్కువ కావాలంటుంటే మందు కొట్టడం అప్రజాస్వామికమని. నీళ్లు వస్తున్నాయని ప్రజలే చెప్పారు గనక కొత్త పైపులు కూడా అక్కర్లేదన్నారు. అలా మిగిలినదాంతో ఏడాది పొడుగునా అభిప్రాయాలు తీసుకోవడానికి ఒక ప్రజాభిప్రాయ భవనం పెట్టాలని తీర్మానించారు.

బడ్జెట్ సభ టౌన్‌హాల్లో జరిగింది. ఆ రోజు వాడిన మైకు కూడా 'పౌర పలుకు' వాళ్లదే. రెండు మాటలు కాగానే ఎర్రదీపం వెలిగి గొంతు ఆగిపోయేది. మా కౌన్సిలర్లు ఒకరి తరవాత ఒకరు లేచి, "అందరికీ నమస్కారం" అన్నారు. దీపం వెలిగింది. కూర్చున్నారు. నిజం చెప్పాలంటే మా ఊళ్లో అంత చక్కగా సాగిన సభ నేను చూడలేదు.

ఆఖర్న అసిరమ్మను వేదిక మీదికి పిలిచారు. ఎక్కువ అభిప్రాయాలు కూడగట్టినందుకు ఆమెకు 'ఉత్తమ పౌరురాలు' బిరుదు, శాలువా. ఆమెకి అప్పటికే సంగతి తెలిసింది. నేనే ముందురోజు వెళ్లి చెప్పి, సభలో అడ్డుపడమని కాళ్లావేళ్లా పడ్డాను. రాత్రంతా ఆలోచించుకుని సరిగ్గా రెండు మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. మైకు ముందుకు వచ్చి, గట్టిగా, నిదానంగా అంది.

"బడి మూసీకండి."

ఎర్రదీపం వెలిగింది.

మా వైపు 'మూసీకండి' అంటే మూసేయవద్దని. 'తీసీకు' అంటే తీసేయవద్దని, 'ఒగ్గీకు' అంటే వదిలేయవద్దని. చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కమిషనర్ గారిది మా వైపు కాదు. ఆయన చెవికి అది 'మూసేయండి' అని వినబడింది. ముందుకొచ్చి రెండు చేతులూ జోడించి అసిరమ్మకి దణ్ణం పెట్టారు. "విన్నారుగా. ప్రజలే నోరారా అడుగుతున్నారు" అన్నారు, ఆయన మైకుకి మాత్రం దీపం లేదు. ముందు వరసలో కూర్చున్న కౌన్సిలర్లందరికీ ఆ మాట అర్థం తెలుసు. కాని వాళ్ల రెండు మాటలూ అప్పటికే అయిపోయాయి. చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. విషయం: పాఠశాల మూత. "ప్రజల విజ్ఞప్తిని పురస్కరించుకుని కుమ్మరి వీధి పాఠశాల మూతను తక్షణం అమలు చేయవలెను." టైపు చేసింది నేనే.

బడికి తాళం పడింది. సుభాషిణి గారిని పురపాలక కార్యాలయానికి బదిలీ చేసి నా పక్క కుర్చీలో అభిప్రాయాలు రాసే పనికి కూర్చోబెట్టారు. పిల్లల్ని రైలుపట్టాల అవతల ఉన్న మరో బడికి మార్చారు. గూడ్సు బళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియని పట్టాలవి. నెల తిరక్కుండా పన్నెండు మంది చదువు మానేశారు. అందులో హైమ ఒకతె. పొద్దున్నే పలకా పుస్తకం సర్దుకునే పిల్ల ఇప్పుడు బుట్ట పక్కన కూర్చుని తేగలకు పీచు తీస్తోంది.

బజారు మధ్యలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'ప్రజలు అడిగారు, మేం విన్నాం' అని రాసి, కింద శాలువాతో అసిరమ్మ ఫోటో. అదే ఆమె కొంప ముంచింది. వీధిలో వాళ్లకి యంత్రం సంగతి ఏం తెలుసు? మూత మూత అని గడప గడపకీ తిరిగి తమచేత చెప్పించింది, శాలువా కప్పించుకుంది, బడి పోయింది. వాళ్లకు కనబడింది అంతే. ఆమె బుట్ట దగ్గర ఎవరూ ఆగడం లేదు. జాలరిపేట ఆడవాళ్లు మొహం మీదే తిడుతున్నారు.

ఒకరోజు వచ్చి శాలువా నా బల్ల మీద పడేసింది.

"ఇది మీరే కప్పుకోండి బాబూ. నానడిగింది మూత. బడి మూసీమని నా నోటంట ఎప్పుడైనా వొచ్చిందా? నువ్వే సెప్పు."

"రాలేదమ్మా. తప్పు నాదే."

"తప్పెవులిదైతే నాకేటి? మా గుంట సదువు పోనాది. దాని అమ్మ బట్టీకాణ్నించి పోన్జేసి, 'నీ వల్లే కదా' అంతాది. ఆ మాటకి నానేటి సెప్పను?"

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఏదో ఓదార్చి పంపేవాణ్ని. ఆమెను కమిషనర్ గారి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఓపిగ్గా విన్నారు. విని ఇలా అన్నారు.

"అమ్మా, అభిప్రాయానికి సవరణ వచ్చే బడ్జెట్‌లో గాని కుదరదు. అయినా మీరన్నట్టు అది గుంత సమస్యే అనుకుందాం. గుంతలో పిల్లలు పడతారని మీ భయం. ఇప్పుడు పాఠశాల లేదు. పాఠశాల లేదు గనక పిల్లలు అటు రారు. రారు గనక పడరు. అంటే మీ సమస్య ఏ అర్థంలో చూసినా సంపూర్ణంగా పరిష్కారమైంది. ఇటువంటి పరిష్కారం చాలా అరుదు."

అసిరమ్మ కాఫీ ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మా పూజారి వరమివ్వకపోవడమే గాక, అడిగిన నోటికి దణ్ణం కూడా పెట్టి పంపిస్తాడు.

తాళం పడ్డ బడి ఊరికే ఎందుకుండాలని దానికే సున్నం వేయించి 'ప్రజాభిప్రాయ భవనం' అని బోర్డు పెట్టారు. ఇంతలో పురస్కారం మా ఊరికే వచ్చింది. ఇవ్వడానికి పైనుంచి ఒక పెద్దాయన వస్తున్నారు, ఆయన చేతే భవనం తెరిపించాలి. ఆయన వచ్చే రోజు పొద్దున్న ఏర్పాట్లు చూడ్డానికి ముందుగా ఒక అధికారి వచ్చాడు. గేటు ముందు కారు దిగబోయి, గుంత చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఇదేమిటి?" అన్నాడు.

అంతే. నలభై నిమిషాల్లో ట్రాక్టరు వచ్చింది. బస్టాండు రోడ్డులో ఉన్న మూత ఒకటి పెకలించి తెచ్చారు. నలుగురు మనుషులు దాన్ని గుంత మీద పెట్టి, పైన ఎర్ర తివాచీ పరిచారు. దానికి అభిప్రాయం లేదు, తీర్మానం లేదు, పద్దు లేదు. అసిరమ్మ ఎదురుగా బుట్ట దగ్గర నిలబడి అంతా చూసింది. ఆమె మొహం చూడలేక నేను తోరణాలు కట్టేవాళ్ల వైపు వెళ్లిపోయాను.

పెద్దాయన వచ్చారు, తివాచీ మీద నడిచారు, కొత్తగెడ్డ ప్రజల నోరు దేశానికే ఆదర్శమన్నారు, వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్న బస్టాండు రోడ్డులో మూత తీసిన గుంతలో ఎవరిదో స్కూటరు పడిందని ఫోను వచ్చింది. కమిషనర్ గారు నన్ను పిలిచి, మూత వెంటనే అక్కడికి చేర్చమని, అందుకు కావలసిన ఉత్తర్వు రాసి తెమ్మని చెప్పారు. పెట్టడానికి కాగితం అక్కర్లేదు గాని తీయడానికి కావాలి, మా ఆఫీసు పద్ధతి అది.

ముందు మనుషుల్ని తీసుకుని బడి దగ్గరికి వెళ్లాను. అసిరమ్మ మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కనే హైమ. ట్రాక్టరు మనిషి, "నెగు మావ్మా, నెగు" అని లేవమని బతిమాలుతున్నాడు. ఆమె కదలడం లేదు.

"అమ్మా, అక్కడ మనుషులు పడుతున్నారు. ఇది అక్కడిది" అన్నాను.

"తెలుసు బాబూ. ఇంకోల మూత మీద కూకోడం నాకేటి సరదానా?" అంది. తరవాత మూత మీద అరచేత్తో తట్టి, "ఓ మాట అడుగుతాను, సెప్పు. మూత అని రాత్తే మీ ఆపీసులో బడి మూసీడమే కదా?"

"అదే రాసుకున్నారు."

"మరి మూత తీసీడమంతే ఏటి రాసుకుంతారు?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ట్రాక్టరు చక్రం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాను.

"అమ్మా, అది జరిగితే మూత నిజంగానే పోతుంది. గుంత మళ్లీ తెరుచుకుంటుంది" అన్నాను.

ఆమె హైమ వైపు చూసింది. ఆ చూపు ఎక్కువసేపు లేదు. కొంగు దులుపుకుని లేచి నిలబడింది. "గుంత నాకు తెలుసు. ఎక్కడుందో తెలుసు, ఎంత లోతో తెలుసు. రైలుబండి ఎప్పుడొస్తాదో నాకు తెలీదు. బడి తియ్యి బాబూ."

ఆఫీసుకు వచ్చి ఉత్తర్వు టైపు చేశాను. ఇరవై రెండేళ్లలో ఏ కాగితం మీదా అంత శ్రద్ధ పెట్టలేదు. విషయం: పాఠశాల మూత. "కుమ్మరి వీధి పాఠశాల మూతను తక్షణం తొలగించి, పూర్వస్థితిని పునరుద్ధరించవలెను." కమిషనర్ గారు ఫోనులో ఎవరికో పురస్కారం గురించి చెబుతూ, చూడకుండా సంతకం పెట్టారు. ఒక నకలు ట్రాక్టరు మనిషికి ఇచ్చాను. రెండోది నా పక్క కుర్చీలో ఉన్న సుభాషిణి గారి ముందు పెట్టాను.

ఆమె రెండుసార్లు చదివారు. "శ్రీరాములు గారూ, ఇది నాకేనా?" అన్నారు.

"పాఠశాల మూత అంటే ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు మేడం."

ఆమె ఆ రోజు అభిప్రాయం చెప్పడానికి వరసలో నిలబడ్డవాళ్లను అలాగే వదిలేసి, సంచీలోంచి తాళంచెవులు తీసుకుని వెళ్లిపోయారు.

మూడోరోజు పొద్దున్న కమిషనర్ గారు ప్రజాభిప్రాయ భవనం చూడ్డానికి వెళితే అందులో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ప్రజల కోసం తెప్పించిన కుషన్ కుర్చీల్లో ఒక్కోదాంట్లో ముగ్గురేసి కూర్చున్నారు. నన్ను పిలిపించారు.

"ఎవరి ఉత్తర్వు ఇది?"

"మీదే సార్."

"అది మేన్‌హోలు మూత గురించి."

"మేన్‌హోలు అనే మాట ఇందులో లేదు సార్" అన్నాను.

ఆయన కాగితం మళ్లీ చదివారు. నేను ఎదురుగా నిలబడి ఆయన మొహం చూస్తూ ఉన్నాను. ఈ ఉత్తర్వులో మూత అంటే వట్టి మూతేనంటే, ఆ ఉత్తర్వులో కూడా వట్టి మూతే. అప్పుడు ఆరు వందల పన్నెండు మంది త్యాగమూ లేదు, ఆర్థిక పరిణతీ లేదు, వెనక గోడకు తగిలించిన పురస్కారమూ లేదు. ఆయన ఈ దారిలో ఎంతదూరం వెళ్లారో నాకు తెలియదు గాని, వెళ్లి తిరిగి వచ్చినట్టు మాత్రం తెలిసింది. కాగితం మడిచి ఫైల్లో పెట్టారు.

"ప్రజల మారుతున్న ఆకాంక్షలకు అనుగుణంగా పాఠశాలను పునఃప్రారంభించామని పైకి రాయండి. ఒకే సంవత్సరంలో ఒకే అంశంపై ప్రజాభిప్రాయాన్ని రెండుసార్లు గౌరవించిన ఊరు మరొకటి ఉండదు" అన్నారు.

రాశాను. దానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళుతూ బడివైపు తిరిగాను. గుంత నోరు తెరుచుకుని ఉంది. దాని అంచున అసిరమ్మ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, వచ్చిన పిల్లను వచ్చినట్టే రెక్క పట్టుకుని అవతలికి దాటిస్తోంది. హైమ అప్పటికే లోపల ఉంది. జాలరిపేట తల్లులు పిల్లల్ని ఆమె చేతికి అప్పజెప్పి, తిట్టినవాళ్లు తిట్టిన మొహాలతోనే, ఏమీ అనకుండా వెళుతున్నారు. చిన్నవాళ్లు కొందరు అవతల నేల అందక ఆమె చేతిలో వేలాడుతున్నారు.

నన్ను చూసి నమస్కారం పెట్టలేదు. "ఆ పక్కన నిలబడు బాబూ. సేతులున్నాయి కదా, రాయడానికేనా?" అంది.

బ్యాగు గేటుకి తగిలించి అవతల పక్క నిలబడ్డాను. అప్పటినుంచి రోజూ బడి గంట కొట్టేదాకా అక్కడే ఉండి, ఆ తరవాత ఆఫీసుకు వెళుతున్నాను. మధ్యలో రెండు బడ్జెట్లు వచ్చాయి. రెండుసార్లూ కుమ్మరి వీధిలో ఇంటింటికీ వచ్చి ఏం కావాలో అడిగారు. ఒకరు దీపాలన్నారు, ఒకరు నీళ్లన్నారు, ఒకరు ఏమీ వద్దన్నారు. మూత కావాలని మాత్రం మాలో ఎవరమూ నోరెత్తలేదు.